నాలుగు కొడితే రమ్మని

హోటల్ కౌంటర్ పక్కన ఇనప స్టాండులో మూడు రకాల కాగితాలు ఉన్నాయి. మూడింటి మీదా సముద్రమే. ఒకటి నలభై నిమిషాల దూరంలో ఉన్న బీచి, రెండోది గంటన్నర దూరంలో లైట్‌హౌస్ ఉన్న బీచి, మూడోది పడవెక్కి వెళ్ళాల్సిన చిన్న లంక. మా రైడ్ల పార్కు టికెట్లు మూడు రోజులకి, రూము నాలుగు రోజులకి. రెండు రోజులు పార్కులో తిరిగాం. మర్నాడు ఏం చెయ్యాలన్నది తేల్చుకోవడానికి ముగ్గురం కౌంటర్ ముందు నిలబడి ఉన్నాం.

"పార్కుకి వచ్చినవాళ్ళు చాలామంది మధ్యలో ఒక రోజు సముద్రానికి వెళ్తారండీ," అన్నాడు కౌంటర్ మనిషి. "కాళ్ళకి కాస్త విశ్రాంతి."

"నా కాళ్ళ సంగతి అడిగినవాడు ఈ ఊళ్ళో ఈయనొక్కడే," అంది నా భార్య. ఆమెది మందుల షాపులో పని. రోజంతా నిలబడే ఉంటుంది. అలాంటి మనిషి కూడా రెండు రోజుల క్యూలకి చేతులెత్తేసింది.

"రేపు కూడా పార్కుకే వెళ్దాం. ఎల్లుండికి కూడా టికెట్ పొడిగిస్తారేమో," అన్నాను. "నీళ్ళ రైడ్ల వైపు అసలు పోనేలేదు."

ఆమె నన్ను వింతగా చూసింది. నేను ఒక్క రైడూ మనస్ఫూర్తిగా ఎక్కలేదని ఆమెకి తెలుసు. నేను లిఫ్టు మెకానిక్‌ని. పైకెళ్ళి కిందికొచ్చేది ఏది కనపడినా దాని బ్రేకు ఎక్కడుందా అని వెతుకుతాను. ఎక్కినంతసేపూ వింటూనే ఉంటాను, సంతోషించడానికి తీరిక దొరకదు.

"సూపర్వైజర్ గారేమంటారు?" అని కూతుర్ని అడిగింది.

కూతురికి పదేళ్ళు. ఎవరు ఏ పని చేస్తున్నా పక్కన చేతులు కట్టుకుని నిలబడుతుందని తల్లి పెట్టిన పేరు అది. పాప మూడు కాగితాలూ చదివింది. లంక కాగితాన్ని తిరిగి స్టాండులో పెట్టేసింది.

"పడవలో నీకు వాంతులవుతాయి. దగ్గర బీచిలో బొమ్మ రైలూ గాలి బుడగలూ అంట, అది కూడా పార్కే. లైట్‌హౌస్ దానికి పోదాం. అక్కడ ఏమీ లేదు."

"ఏమీ లేని చోటికి అంత దూరం దేనికే?"

"ఏమీ లేకపోతే బావుంటుంది కదా." తర్వాత, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో నేనుండగానే, "మీ ఆయనకి ఇష్టం లేనట్టుంది," అంది.

"ఇష్టం లేకేం," అన్నాను. కౌంటర్ మనిషి బస్సుకి మా పేర్లు రాసుకున్నాడు.

పెళ్ళికి ముందు పద్నాలుగు నెలలు నేను ఆ పిల్లకి అంకుల్‌ని. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలయ్యాక ఆ మాట పోయింది. దాని చోట ఇంకో మాట రాలేదు. నాన్న అన్న మాటకి మనిషి ఉన్నాడు. వేరే ఊళ్ళో ఉంటాడు, ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాడు, మంచివాడే. ఆ మాట కోసం నేను ఎప్పుడూ ఆశపడలేదు. "పోనీ బాబాయ్ అను," అంది ఒకసారి నా భార్య. "బాబాయ్ ఆల్రెడీ ఉన్నాడుగా," అంది పాప. నిజమే, ఉన్నాడు.

అప్పటినుంచి ఏడాదిగా ఆ పిల్ల నన్ను ఏమీ అనకుండా నెట్టుకొస్తోంది. అదీ ఒక నేర్పే. దగ్గరికొచ్చి నిలబడుతుంది. నేను చూసేదాకా ఆగుతుంది. చూడగానే మాట మధ్యలోంచి మొదలుపెడుతుంది. "పాలు పొంగుతున్నాయి." "కింద ఎవరో వచ్చారు." నేను అటు తిరిగి ఉంటే చుట్టూ తిరిగి ముందుకొస్తుంది. ఇంట్లో రెండు గదులే కాబట్టి ఇబ్బంది రాలేదు. పార్కులో అయితే మరీ సులువు. క్యూలో ఒకరి వెనక ఒకరం, మోచేతి మీద వేలితో తడితే సరిపోతుంది. రెండు రోజుల్లో పదకొండుసార్లు తట్టింది. లెక్కపెట్టకూడదనుకుంటూనే లెక్కపెట్టాను.

సముద్రం దగ్గర క్యూ ఉండదు. అక్కడ మనుషులు తలో చోటా చెదిరిపోతారు. గాలి ఉంటుంది, హోరు ఉంటుంది, ఎప్పుడో ఒకప్పుడు ఒకరు ఇంకొకర్ని కేకెయ్యాల్సి వస్తుంది. నన్ను పిలుస్తుందా పిలవదా అన్నది అక్కడ తేలిపోతుంది. నా భయం అదే. లోపల పోగు తెగిన తాడు కూడా బరువు పడేదాకా మంచి తాడులాగే కనిపిస్తుంది. దాన్ని అలాగే కదపకుండా ఉంచాలని ఎవరికైనా అనిపిస్తుంది. నా పనిలో అలా అనుకునేవాణ్ణి నేను ఒక్క రోజు కూడా ఉంచను. ఇంట్లో మాత్రం ఏడాదిగా ఆ పనే చేస్తున్నాను.

మర్నాడు వెళ్ళేసరికి లైట్‌హౌస్‌కి తాళం వేసి ఉంది. బస్సులో వచ్చినవాళ్ళం ఇరవైమందిమి ఆ పొడుగాటి ఇసకలో పది నిమిషాల్లో కనపడకుండా పోయాం. ఒక చివర రేకుల పాక, అందులో గొడుగులు అద్దెకిచ్చే ఒక పెద్దాయన. నా భార్య గొడుగు కింద దుప్పటి పరిచి, మొహం మీద టోపీ పెట్టుకుని, "నన్ను లేపితే మర్యాద దక్కదు," అని చెప్పి పడుకుంది.

పాప నీళ్ళకి దగ్గరగా, తడి ఇసకలో కూచుని తవ్వడం మొదలుపెట్టింది. నేను సంచీ పక్కన పెట్టి, చెప్పులు విడిచి దాని మీద పెట్టి కూచున్నాను.

"కోటా?" అన్నాను.

"గొయ్యి."

"ఎంత లోతు?"

"నీళ్ళొచ్చేదాకా."

"లిఫ్టుకి కూడా ముందు గొయ్యే తవ్వుతారు. ఆ తర్వాతే మిగతాదంతా."

తలెత్తి చూసింది. ఆ చూపులో కాస్త ఆసక్తి ఉంది. దాని మీద ఇంకో మాట వేస్తే నిలబడేది. నాకు తోచలేదు. పార్కులో అయితే ఈపాటికి క్యూ రెండడుగులు జరిగేది, ఎవరో ఒకరు చేతులెత్తమనేవారు, బెల్టు బిగించుకోమనేవారు. ఇక్కడ అలలు తప్ప ఏమీ జరగడం లేదు. నేను పాప చేతుల్ని చూస్తూ ఉన్నాను. నేను చూస్తున్నట్టు పాపకి తెలుసు. ఇద్దరం ఎదుటివాళ్ళు లేస్తే బాగుండునని కూచున్నాం.

పాక దగ్గర పెద్దాయన ఒక పెద్ద గొడుగుతో కుస్తీ పడుతున్నాడు. దాన్ని తెరిచే చిన్న చక్రం తిరగడం లేదు. నేను లేచాను. సాయం చెయ్యడానికి అనుకున్నాను. పారిపోవడానికి అని ఇప్పుడు తెలుస్తోంది. పాక వందడుగుల దూరంలో ఉంది. చెప్పులూ సంచీ అక్కడే వదిలేశాను.

"మీరు మెకానిక్కా?" అన్నాడు పెద్దాయన, చక్రం విప్పుతుంటే.

"లిఫ్టులు."

"ఇక్కడ లిఫ్టేది? ఆ లైట్‌హౌస్‌కి పెట్టించండి, మెట్లెక్కలేక తాళం వేశారు."

ఉప్పు పట్టిన చక్రం పళ్ళని గోటితో గీకుతూ నవ్వాను. పని చేతికి తగిలాక మనసు కుదుటపడింది. అప్పుడు ఎందుకో వెనక్కి తిరిగి చూశాను.

పాప లేచి నిలబడి ఉంది. ఒక పెద్ద అల గొయ్యి మీదుగా వచ్చి సంచీని తాకింది. పాప సంచీని ఎత్తి గుండెకి హత్తుకుంది. నా చెప్పులు రెండూ నీళ్ళలో పడ్డాయి. ఒకటి ఇసకలో కూరుకుపోయి ఆగింది, రెండోది తేలుతూ వెనక్కి పోతోంది. పాప నా వైపు తిరిగింది. నోరు తెరిచింది. అంత దూరం నుంచి కూడా ఆ తెరిచిన నోరు నాకు స్పష్టంగా కనిపించింది. ఊపిరి తీసుకుని భుజాలు కూడా పైకి లేపింది. తర్వాత నోరు మూసుకుంది. సంచీతో సహా పరిగెత్తడం మొదలుపెట్టింది.

వందడుగులూ పరిగెత్తుకొచ్చింది. నేను చూస్తూనే ఉన్నా, నాకు ఎదురుగా వచ్చి నిలబడి, ఆయాసం తీరకుండానే, "చెప్పు పోయింది," అంది.

ఇంకో మాట ఏదైనా అనివుండొచ్చు. సంచీ కాపాడావు అనివుండొచ్చు. నా నోట వచ్చింది ఇది: "పిలిస్తే వచ్చేవాణ్ణి కదా."

"ఏమని?"

కోపంగా అనలేదు. దారి తెలియనివాళ్ళు దారి అడిగినట్టు అడిగింది.

నా చేతిలో గొడుగు చక్రం ఉంది. ఏడాదిగా నేను ఆ పిల్ల నోటి దగ్గర కాపలా ఉన్నాను. నా నోటి సంగతి చూసుకోలేదు. పేరు పెట్టి పిలిస్తే పెత్తనంలా ఉంటుందని పిలవలేదు. సూపర్వైజర్ అన్నది వాళ్ళిద్దరి మధ్య మాట కదా అని ముట్టుకోలేదు. తల్లితో మాట్లాడేటప్పుడు "మీ పాప" అనేవాణ్ణి. నేనూ దగ్గరికెళ్ళి నిలబడేవాణ్ణి, ఆ పిల్ల చూసేదాకా ఆగేవాణ్ణి. ఆ నేర్పు నా దగ్గరే నేర్చుకుందేమో.

"తెలీదు," అన్నాను.

పాప తల ఊపింది. ఆ జవాబు తప్పనిపించలేదల్లే ఉంది. సంచీ కింద పెట్టి, అలవాటు ప్రకారం చేతులు కట్టుకుని చక్రం వైపు చూసింది. నేను మళ్ళీ పని అందుకున్నాను. చేతులు కదులుతుంటే మాట తేలిగ్గా వచ్చింది.

"లిఫ్టు గోతిలో కూడా మేం పిలుచుకోం," అన్నాను. "ఒకళ్ళం పైన, ఒకళ్ళం అడుగున ఉంటాం. కేకేస్తే గోడలన్నీ కలిసి కేకేసినట్టుంటుంది, ఒక్క ముక్క అర్థం కాదు. అందుకని పానాతో ఇనప పట్టా మీద కొడతాం."

"కొడితే?"

"ఒకటి కొడితే ఆగు. రెండు కొడితే పైకి. మూడు కొడితే కిందకి."

"రమ్మనాలంటే?"

ఆలోచించాను. పద్దెనిమిదేళ్ళలో ఆ అవసరం రాలేదు. "రమ్మనడానికి లేదు. గోతిలో ఎవరి చోట వాళ్ళుండాలి. ఒకరి దగ్గరికి ఒకరు రారు."

"అయితే నాలుగు ఖాళీగానే ఉందా?"

"ఖాళీగానే ఉంది."

"పేర్లు అక్కర్లేదా మరి?"

"అవతల ఎవరున్నారో ఇద్దరికీ తెలుసు కదా. పేరుతో ఏం పని?"

పెద్దాయన ఒకసారి నన్ను, ఒకసారి పాపని చూసి టీ పెట్టడానికి లోపలికి పోయాడు.

"నాలుగు కొడితే రమ్మని," అంది పాప. "నేను అక్కడికెళ్ళి కొడతాను. వినపడుతుందో లేదో చూడాలి."

మొదట మా గొడుగు కర్ర మీద గవ్వతో కొట్టింది. వినపడలేదని చేతులూపి చెప్పాను. తర్వాత స్టీలు సీసా మీద కొట్టింది. మొద్దు చప్పుడు, గాలిలో కలిసిపోయింది. పాప సీసాని తలకిందులు చేసి నీళ్ళన్నీ ఇసకలో పోసేసింది. ఈసారి ఖంగున మోగింది. నాలుగూ విన్నాను. వెళ్ళాను.

నా భార్య టోపీ తీసి చూసింది. "తాగే నీళ్ళు పారబోసి ఏంటే ఆ వాయింపుడు?"

"పని చేస్తున్నాం," అంది పాప.

"ఎవరెవరు?"

పాప నా వైపు చూపించలేదు, పేరూ చెప్పలేదు. "మేం," అంది. నా భార్య లేచి కూచుని ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత నా కాళ్ళు చూసింది. "చెప్పులేవి?"

"ఒకటి సముద్రం తీసుకుపోయింది."

"మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు వేసుకొచ్చిన చెప్పులేగా. పీడా పోయింది. రెండోది కూడా పంపించు, జత కలుస్తుంది."

సాయంత్రం బస్సెక్కేటప్పుడు వట్టి కాళ్ళకి మెట్టు ఇనుము చల్లగా తగిలింది. బస్సు సగం ఖాళీ. తల్లీ కూతురూ రెండు వరుసలు వెనక కూచున్నారు. నేను ముందు ఒక్కణ్ణే. మర్నాడు మళ్ళీ పార్కు, మళ్ళీ క్యూలు. మోచెయ్యి తడితే సరిపోయే చోటికి వెళ్ళిపోతాం, ఈ నాలుగు దెబ్బలు బీచిలో ఆడుకున్న ఆట కింద పోతాయి. అలా పోయినా ఎవరినీ ఏమీ అనడానికి లేదు. నాకు నేను ఈ మాట చెప్పుకున్నాను, అయినా చెవులు వెనక్కే ఉన్నాయి.

ఊరి దీపాలు కనపడుతుండగా వెనక సీటు కడ్డీ మీద గవ్వ చప్పుడైంది.

ఒకటి. రెండు. మూడు.

ఆగిపోయింది. మూడంటే కిందకి. అది మా పనిలో మాట, నా కోసం కాదు. బస్సు గోతిలో పడి లేచింది. నేను కదల్లేదు. తిరిగి చూడలేదు కూడా. చూస్తే ఆ పిల్ల మాట మధ్యలోంచి మొదలుపెట్టేస్తుంది, నాలుగోదాని అవసరం ఉండదు.

నాలుగోది మోగింది.

లేచి కడ్డీలు పట్టుకుంటూ వెనక్కి వెళ్ళాను. నా భార్య కూతురి ఒళ్ళోకి కాళ్ళు చాపి, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. పాప ఒక మూలకి నలిగిపోయి ఉంది.

"గవ్వ జారి కింద పడింది మధ్యలో," అంది ముందుగా. తర్వాత తల్లి కాళ్ళు చూపించి, "నాకు చోటు లేదు. ముందు సీట్లో పక్కన ఖాళీయేనా?"

"ఖాళీయే."

"కిటికీ వైపు అయితేనే వస్తాను."

ఆమె కాళ్ళు ఎత్తి పట్టుకున్నాను. పాప వాటి కిందుగా దూరి బయటికొచ్చి, నా ముందు నడుచుకుంటూ వెళ్ళి కిటికీ పక్కన కూచుంది.