పదమూడులో సగం

కాలేజీ సెలవుల్లో నెల రోజులు మా సీసాలు కడిగే షెడ్డులో పనిచేస్తానని మా అమ్మాయి వచ్చింది. వచ్చిన రోజే దాన్ని సోడా తొట్టి దగ్గర నిలబెట్టారు. సోడా అంటే తాగేది కాదు, చర్మాన్ని కాల్చే కాస్టిక్. పన్నెండేళ్లుగా నేనూ అందులోనే చేతులు పెడుతున్నాను, కానీ గ్లౌజులతో. ఆ రోజు గ్లౌజులు లేవు. పాతవి చిరిగాయి, కొత్తవి సోమవారం వస్తాయట.

అందుకు మేస్త్రీ దగ్గర ఉపాయం ఉంది. తొట్టిలో వంద లీటర్ల నీళ్లకు నాలుగు వందల గ్రాముల సోడా వేస్తే పీహెచ్ పదమూడు. ఇంకో వంద లీటర్ల నీళ్లు పోయించి, పదమూడులో సగం ఆరున్నర, మంచినీళ్లే ఏడు, ఇంకేం భయమన్నాడు. నా ఏడో తరగతి చదువుకూ అంతే తోచింది. అయినా అమ్మాయిని తొట్టి దగ్గర్నుంచి వెనక్కి లాగాను. నీ నీడ చూసి నువ్వే ఉలిక్కిపడతావని మేస్త్రీ నవ్వాడు.

"నవ్వితే నవ్వండి. లెక్క గోడ మీద వేసేదాకా నా కూతురు చెయ్యి పెట్టదు," అన్నాను.

అమ్మాయి సుద్దముక్క తీసుకుంది. నలభై గ్రాములు ఒక మోల్. లీటరుకు నాలుగు గ్రాములంటే మోల్‌లో పదోవంతు. కాస్టిక్ నీళ్లలో పూర్తిగా విడిపోతుంది కాబట్టి పదోవంతూ లెక్కలోకి వస్తుందట. దానికి లాగ్ కట్టి మైనస్ గుర్తు తీసేస్తే ఒకటి. పద్నాలుగులోంచి తీసేస్తే పదమూడు. మేస్త్రీ తలూపాడు. ఇప్పుడు నీళ్లు రెట్టింపు, లీటరుకు సోడా పదోవంతులో సగం. అలాగే లాగ్ కడితే ఒకటి పాయింట్ మూడు. మళ్లీ పద్నాలుగులోంచి తీసేసింది. పన్నెండు పాయింట్ ఏడు.

"సగం ఏదే?" అన్నాను.

"సగం కాదమ్మా. పదిరెట్లు నీళ్లు పోస్తే ఒక్క అంకె దిగుతుంది. ఇది ఏడు దాకా రావాలంటే చెరువు తెచ్చి పొయ్యాలి."

మేస్త్రీ గోడను రెండుసార్లు చదివాడు. సాయంత్రానికి సరుకు వెళ్లాలని గొణిగాడు. కావాలంటే ముందు తనే చెయ్యి పెడతానన్నాడు.

"పెట్టండి మేస్త్రీగారూ. కుళాయి తిప్పి ఉంచుతాను."

పెట్టలేదు. బండేసుకుని బజారుకు వెళ్లి గంటలో మూడు జతలు తెచ్చాడు. అమ్మాయి వేసుకోబోతుంటే లాక్కున్నాను. ఒక్కో గ్లౌజునూ నీళ్లతో నింపి, మూతి బిగించి, వేలు వేలూ నొక్కి చూశాను.

"కొత్తవే కదమ్మా," అంది విసుగ్గా.

రెండో జతలో ఎడమ బొటనవేలి దగ్గర ఒక చుక్క ఊరింది. దాన్ని అవతల పడేసి, మూడోదాన్ని కుళాయి కింద పట్టాను.