మోగకూడని నెంబరు

పుష్పమ్మకు చదువు బడిలో రాలేదు. ఒక కాగితం మూలంగా వచ్చింది.

ఆమె భర్త లారీ మీద క్లీనరు. ముప్పై ఏళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఎవరో ఒకాయన సైకిల్ మీద వచ్చి, మడిచిన కాగితం ఒకటి ఆమె చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఇంట్లో చదివేవాళ్లు లేరు. పక్కింటి టీచరమ్మ బడి నుంచి వచ్చేసరికి సాయంత్రం అయింది. నిజామాబాద్ దగ్గర లారీ బోల్తా పడిందనీ, మనిషి ఆసుపత్రిలో ఉన్నాడనీ, వెంటనే రమ్మనీ అందులో ఉంది. పిల్లవాణ్ని చంకనేసుకుని ఆమె వెళ్లేసరికి ఆలస్యం అయిపోయింది. "రాత్రి దాకా మాట్లాడిండమ్మా, నిన్నే అడిగిండు" అని పక్క మంచం మనిషి చెప్పాడు.

ఆ మాట ఆమెను వదల్లేదు. టీచరమ్మ దగ్గర అక్షరాలు దిద్దుకుంది. పకోడీల పొట్లాలు, రేషన్ షాపు పలక, గోడల మీది పోస్టర్లు, ఏది కనబడితే అది చదివింది. నాలుగేళ్లు తిరిగేసరికి పేపరు చదివే మనిషైంది. ఇంగ్లీషులో మాత్రం అంకెలు, పెద్దక్షరాలు వచ్చు, అంతే. కానీ చదువు వచ్చినంత మాత్రాన భయం పోలేదు. ఇంట్లోంచి ఎవరు బయటికి వెళ్లినా, వాళ్లు తిరిగొచ్చేదాకా ఆమె చేసే పని చేస్తూనే ఉండేది గానీ, చెవి మాత్రం వీధిలో ఉండేది.

అలాంటి ఆమె కొడుకు హరికిషన్ ఆసిడ్ ట్యాంకర్ డ్రైవరయ్యాడు.

మల్కాజ్‌గిరిలోని ఇంటి నుంచి తెల్లారకముందే బయల్దేరి, ఫ్యాక్టరీలో ఆసిడ్ నింపుకుని, బ్యాటరీల కంపెనీలో దింపి, సాయంత్రానికి ఇంటికి వచ్చేవాడు. రోజూ సాయంత్రానికి రావడం అన్న ఒక్క మాటకే పుష్పమ్మ ఆ ఉద్యోగానికి ఒప్పుకుంది. మామూలు లారీ అయితే వారాలకు వారాలు పోతాడు. దీనికి వేరే లైసెన్సు కావాలి. మూడు రోజులు క్లాసులో కూర్చుని, ఏ సరుకు ఒలికితే ఏం చెయ్యాలో నేర్చుకుంటేనే లైసెన్సు మీద ఆ ముద్ర పడుతుంది. యేటా మళ్లీ కూర్చోవాలి. ఆ ముద్రే వాళ్ల ఇంటికి అన్నం పెడుతోంది.

ఒకరోజు ట్యాంకర్ వెనుక ఉన్న నారింజ రంగు పలక చూసి ఆమె అడిగింది. "గీ కింద నెంబరు ఎవరిది కొడుకా?"

"ఏమన్న అయితే రోడ్డు మీదున్నోళ్లు దీనికి ఫోన్ జేస్తరమ్మా. ఆఫీసోళ్లు ఎత్తి, నీళ్లు పోయొద్దు, దూరం జరుగుండ్రి, గిట్ల ఏం జెయ్యాల్నో చెప్తరు."

"తర్వాత?"

"తర్వాతేముంది, నీకు జేస్తరు" అని నవ్వాడు.

అతను నవ్వులాటకు అన్నాడు. ఆమెకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ పది అంకెలు కంఠతా వచ్చేశాయి. ఆ నెంబరు మోగిందంటే ఆ వెంటనే తన ఇంట్లో ఫోను మోగుతుంది. ఆ తర్వాత మళ్లీ నిజామాబాద్.

ఆయుధపూజ రోజు మౌలాలి వైపున్న యార్డులో బండ్లన్నీ కడిగి వరుసగా నిలబెట్టారు. హరికిషన్ కొబ్బరికాయలకు పోయాడు. పుష్పమ్మ కుంకుమలో నూనె కలిపింది. పొడి కుంకుమ గాలికి రాలిపోతుంది, నూనె కలిపితే పట్టుకుని ఉంటుంది. చక్రాలకు, స్టీరింగుకు, అద్దానికి బొట్లు పెట్టి, వెనక్కి వచ్చి పలక ముందు నిలబడింది.

బండ్లు కడిగే తుకారాం బకెట్టు పట్టుకుని అక్కడే ఉన్నాడు. "అక్కా, దాని మీద పెట్టకు. అది సర్కారు బోర్డు. పోయినేడు సుత నేను కడిగిన, నువ్వు లొల్లి జేసినవ్."

"నీకేం తెలుసురా? నీ పని నువ్వు చూస్కో."

"నా పనే గదా కడుగుడు."

"గిది కడిగినవంటే చూడు. నా కొడుకు పానం ఇది."

తుకారాం బకెట్టు తీసుకుని పక్క బండి దగ్గరికి వెళ్లిపోయాడు. పుష్పమ్మ బొటనవేలితో ఆ నెంబరులో చివరి నాలుగు అంకెల మీద, ఒక్కో అంకెకు ఒక్కో బొట్టు గట్టిగా అద్దింది. నువ్వు మోగొద్దు, ఎన్నడూ మోగొద్దు అనుకుంది.

పూజ అయిన నాలుగో రోజు, పండగ తర్వాత మొదటి ట్రిప్పులో, నేరేడ్‌మెట్ దగ్గర ట్యాంకర్ వాల్వు కారింది. హరికిషన్ అద్దంలో చూసుకుని బండి పక్కకు ఆపి, ఇసుక కోసం రోడ్డవతల కడుతున్న ఇంటి దగ్గరికి పరిగెత్తాడు. అతను తిరిగి వచ్చేలోపు రోడ్డు పక్క టీ కొట్టు ఆయన రెండు బకెట్ల నీళ్లు తెచ్చి ఆ మడుగు మీద గుమ్మరించాడు. ఆసిడ్ మీద నీళ్లు పడితే ఏమవుతుందో ఆయనకెలా తెలుస్తుంది? అది బుస్సున పొంగి పైకి చిమ్మింది. ఆయన కుడి చెయ్యి మోచేతి దాకా, మెడ కింద కొంత కాలిపోయింది.

హరికిషన్ ఆ సాయంత్రం చీకటి పడ్డాక వచ్చాడు. ఆసిడ్ చుక్కలు పడి ప్యాంటు మోకాళ్ల దగ్గర జల్లెడలా ఉంది. "నాకేం కాలేదమ్మా, నేరేడ్‌మెట్ల టీ కొట్టాయన చెయ్యి కాలింది" అన్నాడు. పుష్పమ్మ అతన్ని తల నుంచి కాళ్ల దాకా తడిమి చూసుకుంది. ఫోను మోగలేదు, కొడుకు ఇంటికొచ్చాడు. తన బొట్టు పని చేసిందనుకుంది. ఎవరికీ చెప్పలేదు.

పది రోజులకు ఆర్టీఓ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. ఆమె కళ్లజోడు పెట్టుకుని చదివింది. "వాహనం వెనుక సమాచార ఫలకంపై అత్యవసర ఫోన్ నెంబరు చదువుటకు వీలులేని స్థితిలో ఉన్నది. ప్రమాదకర సరుకుల రవాణాకు ఇచ్చిన అనుమతిని ఎందుకు నిలిపివేయరాదో స్వయంగా హాజరై తెలుపవలెను."

ఆమె కాగితం కొడుకు ముందు పెట్టింది. "ఏమైంది కొడుకా ఆ నెంబరుకు?"

"మట్టి కొట్టింది" అన్నాడు హరికిషన్, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

అప్పుడే ట్రాన్స్‌పోర్టు మేనేజరు వేణుమాధవ్ వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, తను రాసుకొచ్చిన కాగితం తీశాడు. "ఏం పరేషాన్ గాకు హరీ. వానకు మట్టి కొట్టింది, అందుకే కనబడలె అని రాసినం. నువ్వు సంతకం పెట్టు."

"ఆ దినం వాన పడ్డదా సారూ?" అంది పుష్పమ్మ.

"ఈ నెలల వాన ఎప్పుడు పడ్తదో దేవునికే తెల్వదు పెద్దమ్మా."

"దేవునికి తెల్వనిది మీ కాగితంల మంచిగ తెల్సింది."

వేణుమాధవ్ నవ్వాడు. హరికిషన్ నవ్వకుండా సంతకం పెట్టాడు.

ఆమెకు మనసు ఆగలేదు. పూజ అయిన మర్నాడే బండ్లు కడుగుతారు, తను వద్దన్నా తుకారాం కడిగే ఉంటాడు, మట్టే అయుంటుందని ఒక పక్క అనుకుంది. మర్నాడు కొడుకుతో చెప్పకుండా బత్తాయిలు కొనుక్కుని నేరేడ్‌మెట్ బస్సెక్కింది.

టీ కొట్టు ఆయన పేరు తాతారావు. చేతికి తెల్లకట్టు కట్టుకుని స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, టీ ఆయన భార్య కాస్తోంది. ఫలానా డ్రైవరు తల్లినని చెప్పగానే ఆయన లేవబోయాడు.

"కూర్చోండమ్మా, కూర్చోండి. మీ అబ్బాయి తప్పేం లేదండీ. ఆస్పత్రికి మోసుకెళ్లింది ఆయనే. అయ్యబాబోయ్, నేను చేసిన వెధవ పనికి నన్ను నేనే తిట్టుకుంటున్నాను."

"ఫోన్ జెయ్యలేదా అయ్యా? వెనక నెంబరుండె గదా."

"చెయ్యకేమండీ! సెల్లు పట్టుకుని వెనక్కెళ్లాను. ఆరంకెలున్నాయి, మిగతా నాలుగింటి మీదా ఎవరో ఎర్రగా మెత్తేశారు. గోరుతో గీకితే జిడ్డు. మహా భక్తులెవరో పెట్టారండీ. నాలుగు బొట్లు, చక్కగా వరసగా" అని ఎడమచేత్తో గాలిలో నాలుగు చుక్కలు పెట్టి చూపించాడు. "ఎవర్ని అడగాలో తెలీక నీళ్లు పోశాను. మంటకైనా దేనికైనా నీళ్లే కదండీ మనకి తెలిసింది."

"చేత్తో మళ్లీ గ్లాసు పట్టుకోవడానికి ఇంకో రెండు నెలలంటున్నారు" అంది ఆయన భార్య, పొయ్యి మీంచి తల ఎత్తకుండా.

బొట్లు పెట్టింది నేనే అనాలని పుష్పమ్మ నోరు తెరిచింది. కానీ ఆ మాట ఇక్కడ అంటే రేపు ఆఫీసులో అన్నట్టే. బొట్టని తేలితే కాగితంలో మట్టి అబద్ధమవుతుంది. కొడుకు లైసెన్సు పోతుంది. ఆమె బత్తాయిల సంచి బల్ల మీద పెట్టి, ఇచ్చిన టీ సగం తాగి లేచింది.

విచారణ రోజు నేనూ వస్తానంది. "నీకెందుకమ్మా, ఎండల" అన్నాడు హరికిషన్. ఆమె చెప్పులేసుకుని ముందే మెట్లు దిగింది.

అధికారి ఒక ఆడమనిషి. బల్ల మీద యోగిత అని పేరు పలక ఉంది. గొంతు పెంచని మనిషి. తల్లి కూడా వచ్చిందని తెలిసి మూల కుర్చీ చూపించింది. కాగితం చదివి, హరికిషన్‌ను అడిగింది. "మట్టి అని రాశారు. బండి తీసే ముందు పలకలు చూసుకోవాలని క్లాసులో చెప్పారా?"

"చెప్పిండ్రు మేడం."

"మరి?"

వేణుమాధవ్ అందుకున్నాడు. "మేడం, అసలు గలతీ బండ్లు కడిగేటోనిది. తుకారాం అని ఒకడున్నడు. పలకలు తుడిచే డ్యూటీ వాడిదే. ముసలోడు, కళ్లు కనబడవు. వాడ్ని నిన్ననే పనిలకెళ్లి తీసేసినం. కావాలంటే రాసిస్తం."

హరికిషన్ చప్పున తలెత్తాడు. ఆ సంగతి అతనికీ తెలియదు. అధికారి పెన్ను తీసుకుని, "తుకారాం. ఇంటిపేరు?" అంది.

ఆమె రాయడం మొదలుపెట్టేలోపు పుష్పమ్మ లేచి నిలబడింది.

"వాని పేరు రాయకు బిడ్డా. వాడు వద్దన్నడు. నేనే పెట్టిన."

"అమ్మా, కూసో" అన్నాడు హరికిషన్.

"మట్టి గాదు మేడం. కుంకుమ. నూనెల కలిపి పెట్టిన. నాలుగంకెల మీద, నాలుగు బొట్లు. ఆ నెంబరు మోగితే నా కొడుకు ఉండడని భయం నాకు. మోగొద్దని పెట్టిన. మోగలె. ఆ టీ కొట్టాయన ఫోన్ జేద్దామంటే కనబడలె. ఆయన చెయ్యి కాలింది. తుకారాం సర్కారు బోర్డక్కా అన్నడు. నేనే తిట్టిన."

వేణుమాధవ్ కళ్లు మూసుకుని నుదురు పట్టుకున్నాడు. యోగిత పెన్ను కింద పెట్టి, ఫైలులోంచి ఒక ఫోటో తీసి బల్ల మీద హరికిషన్ వైపు తిప్పింది. పలక, దాని మీద ఎర్రటి వరస, పక్కన గోరుతో గీకిన గీత.

"ఇది మొదటి రోజు నుంచీ నా దగ్గరుంది" అంది. "మీ నోటి నుంచి ఏం వస్తుందో చూద్దామని. ఇప్పుడు చెప్పండి. ఆ పొద్దున మీరు ఇది చూశారా, చూడలేదా?"

హరికిషన్ ఫోటో దగ్గరికి లాక్కున్నాడు. "చూసిన మేడం."

"ఎందుకు తుడవలేదు?"

"గుడ్డ తీసిన. పోయినేడు తుకారాం కడిగితే మా అమ్మ రెండు దినాలు అన్నం ముట్టలె. నేను ఇంటికొచ్చేదాకా వాకిట్లనే కూసున్నది. అది యాదికొచ్చింది." ఫోటో వెనక్కి జరిపాడు. "ఒక్క ట్రిప్పే గదా, సాయంత్రం తుడుద్దాం అనుకున్న. గుడ్డ మళ్ల సీటు కింద పెట్టిన."

పుష్పమ్మ కుర్చీ చేతిని పట్టుకుంది. తన భయం వీడు మోస్తున్నాడని, మోస్తూ బండి తోలుతున్నాడని ఆమెకు ఇన్నేళ్లలో ఎన్నడూ తట్టలేదు.

"అబద్ధం కాగితం ఇచ్చారు కాబట్టి ఇంకా పెద్ద శిక్షే పడాలి" అంది అధికారి. "చివరికి నిజం చెప్పారు కాబట్టి, ఒక ఏడాది మాత్రమే మీరు ప్రమాదకరమైన సరుకు తోలకూడదు. ఏడాది తర్వాత మళ్లీ క్లాసులో కూర్చుని, పరీక్ష పాసై రండి. మామూలు లారీ తోలుకోవచ్చు. తుకారాం గురించి," వేణుమాధవ్ వైపు చూసింది, "ఈ ఫైల్లో ఆ పేరు ఉండదు. పనిలోంచి తీశారో లేదో నాకు మళ్లీ తెలుస్తుంది."

మెట్లు దిగగానే వేణుమాధవ్ ఎవరివైపూ చూడకుండా బండి తీసుకుని వెళ్లిపోయాడు. బస్టాపులో నీడ లేదు. కొడుకు తిడతాడేమోనని పుష్పమ్మ ఎదురుచూసింది. అతను తిట్టలేదు. పక్కకు వెళ్లి ఎవరికో ఫోన్ చేశాడు. మాటలు వినబడుతూనే ఉన్నాయి.

"ఆ అన్నా, హరిని. ట్యాంకర్ బంద్ అయింది. ... నీ దగ్గర ఏమన్న ఉన్నదా? ... గువాహటి లైనా? ... ఎన్ని దినాలు? ... పోను రాను కలిపి? ... లే లే, నాకు తక్లీఫ్ లేదు. పెట్టుకో నన్ను."

వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"సోమారం ఎక్కాలె అమ్మా."

ఎన్ని రోజులని ఆమె అడగలేదు. అడిగితే చెప్తాడు.

"పొద్దున్నేనా?"

"ఆ, అయిదింటికి."

"అన్నం కట్టాల్నా?"

"ఒక్క పూటకు కట్టు చాలు" అన్నాడు హరికిషన్. "తర్వాత దారిల ఏది దొరికితే అది తింట."