సూది గుర్తులు

బసవలింగం పేరాలలో నలభై ఏళ్లు చీరలు నేశాడు. అతను మూడు రోజులు నేసే చీరను మరమగ్గాలు పూట తిరక్కుండా కక్కడం మొదలెట్టాక, మగ్గం విప్పేసి, గుంట పూడ్చి గచ్చు చేయించాడు. ఇప్పుడు రోజూ పొద్దున్నే పాసింజరెక్కి, బాపట్ల మీదుగా తెనాలి వెళ్లి, కృష్ణకాంత్ చీరల కొట్లో పనిచేస్తున్నాడు.

ఏం పనో భార్య కనకరత్నానికి కూడా చెప్పలేదు. చేమగ్గం మీద బట్ట ముడుచుకోకుండా సాగదీసి పట్టే కర్రకు రెండు కొసలా సూదులుంటాయి. అవి గుచ్చిన చిల్లులు చీర అంచుల్లో మిగిలిపోతాయి. చేనేత చీరను చాలామంది వాటిని చూసే గుర్తుపడతారు. కొట్టు వెనక గదిలో కూర్చుని మరమగ్గం చీరల అంచుల్లో ఆ చిల్లులు పొడవడమే బసవలింగం ఉద్యోగం. ఎంత ఎడంగా పొడవాలో అతని చేతికి తెలుసు మరి. నలభై ఏళ్ల విద్య చివరికి ఇందుకు పనికొచ్చింది, నవ్వాలో ఏడవాలో!

వాళ్ల వీధిలో మిగిలిన ఒకే ఒక్క మగ్గం అతని బావమరిది పూర్ణచంద్రది. ఒక మధ్యాహ్నం అతను నాలుగు చీరలు పట్టుకుని ఆ కొట్టుకే వచ్చాడు. ఇక్కడా కాదంటే మగ్గం ఆపేయడమే. లోపల బావ ఉన్నాడు, ఓ మాట సాయం చేస్తాడని ధైర్యం.

కృష్ణకాంత్ చీరలు మెచ్చుకుంటూనే, తన దగ్గర ఇలాంటి చేనేతే ఇంకా చవగ్గా ఉందని ఇంకో చీర తెచ్చి పక్కన పరిచాడు. పూర్ణచంద్ర ముట్టుకోగానే అది మరమగ్గానిదన్నాడు. కొట్టు నిండా బేరాలున్నాయి. కృష్ణకాంత్ తొణక్కుండా బసవలింగాన్ని బయటికి పిలిచాడు.

"పెద్దాయనా, నేతలో మీకంటే తెలిసినోళ్లు ఎవరున్నారు? రెండూ చేనేతేగా?"

బసవలింగం చీరలు ముట్టుకోలేదు. బావమరిది ముఖం చూడలేదు.

"రెండూ చేనేతేనండి."

పూర్ణచంద్ర కొట్టు చీర అంచు వెంట బొటనవేలు పోనిచ్చాడు. అతనికి నేత నేర్పింది బావే. తన చీరలు మడతపెట్టుకుని మెట్లు దిగాడు. బసవలింగం సిగ్గుతో చచ్చిపోతూ వెనకే వెళ్లాడు. కాలరు పట్టుకుని నాలుగు తిట్టినా బాగుండేది.

"ఆ చిల్లులు నీ చేతివే బావా," అన్నాడు పూర్ణచంద్ర నెమ్మదిగా. "లోపల ఇంకొకరికి చోటుంటుందేమో అడుగు."

అడిగితే ఉందన్నారు. సోమవారం నుంచి పాసింజర్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని వెళుతున్నారు. తెనాలి దాకా ఒకరితో ఒకరు మాట్లాడుకోరు.