ఫోటోలో కోసేసిన ఇళ్ళు

చిట్టమూరు బస్టాండు పక్కన జకరయ్య మాస్టరు నెట్ సెంటరు పొద్దున తొమ్మిదింటికి తెరుచుకుంటుంది. షట్టరు ఎత్తి, కీబోర్డు దులిపి, కళ్ళు మూసుకుని అరనిమిషం ప్రార్థన చేసుకుని ఆయన స్విచ్చి వేస్తాడు. ఆ కంప్యూటరు లేవడానికి పది నిమిషాలు పడుతుంది. ఈలోపు మాస్టరు షుగరు మాత్ర వేసుకుని, రెబెక్కమ్మ బండి దగ్గర తెచ్చుకున్న నాలుగు ఇడ్లీలు తిని, చెయ్యి కడుక్కుని వచ్చేస్తాడు. కొత్తది కొనుక్కోవచ్చు కదా అని ఎవరన్నా అంటే, "అది నిదానంగా లేస్తాది కాబట్టే నేను ఇంత తింటన్నా" అంటాడు.

మాస్టరు అన్న పేరు టైపు ఇన్‌స్టిట్యూట్ నాటిది. ఇరవై రెండేళ్ళు ఆ గదిలోనే లోయరు, హయ్యరు పరీక్షలకు టైపు నేర్పించాడు. మిషన్లు పాత ఇనుములోకి పోయాక అదే గదిలో కంప్యూటరు పెట్టాడు. ఒక్క విషయంలో మాత్రం ఆయనది ఉడుం పట్టు. డబ్బిచ్చి సాఫ్ట్‌వేర్ కొనడు, దొంగది ఎక్కించుకోడు. ఎక్కడో ఎవరో పుణ్యాత్ములు నెట్‌లో ఊరికే పెట్టినవాటితోనే పని నడిపిస్తాడు. పది కాగితాలను ఒక పీడీఎఫ్‌గా కలిపేది ఒకటి, దాన్ని రెండొందల కేబీకి కుదించేది ఇంకోటి, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చేది ఒకటి, పొరపాటున చెరిపేసిన ఫైళ్ళను తవ్వి తీసేది మరొకటి. వాటి పేర్లన్నీ పాత అటెండెన్సు రిజిస్టరులో గుండ్రటి చేతిరాతతో రాసుకున్నాడు. ఏ సైటన్నా మూతపడితే దాని పేరు పక్కన చిన్న సిలువ గుర్తు వేసి, ఆ పూటంతా దిగులుగా ఉంటాడు.

అన్నిటికన్నా గిరాకీ ఎక్కువ ఫోటోలో వెనక భాగం తీసేసే సైటుకి. ఏ దరఖాస్తుకైనా మనిషి వెనక తెల్లగా ఉండాలి, ఫోటో యాభై కేబీ దాటకూడదు. పులికాటు సరస్సు పక్క పల్లెలవాళ్ళ ఫోన్లలో తెల్లగోడలు ఎక్కణ్ణుంచి వస్తాయి? పడవ ముందో, దడి ముందో, ఆరేసిన వల ముందో దిగిన ఫోటోలు తెస్తారు. సైటులో పెట్టి ఒక్క నొక్కు నొక్కితే మనిషి మాత్రం మిగిలి, చుట్టూ ఉన్నదంతా పోతుంది.

పోయినదంతా మాస్టరు కుర్చీ వెనక గోడ మీదికి వస్తుంది.

మొదటినుంచీ అంతే. పడవ వస్తే దాని కింద నీళ్ళు కదులుతుంటాయి. ఇల్లు వస్తే ఆ ఇంట్లో ఆ పూట ఏం జరుగుతోందో అదే గోడ మీద జరుగుతుంటుంది. ఇంకో ఫోటో కోసేదాకా ఉండి, అది రాగానే ఇది పోతుంది. జిరాక్సు కోసం వచ్చినవాళ్ళు గోడ వంక చూసి, "ఈ పొద్దు ఎవరిల్లు మాస్టరూ?" అని అడిగి, తమ కాగితాలు తాము తీసుకుని వెళ్ళిపోతారు.

ఒకసారి పేరమ్మ అనే ఆమె, చేపల వేట నిషేధం నెలల్లో సర్కారిచ్చే సాయం కోసం మొగుడు మస్తానయ్య ఫోటో కోయించుకుని వెళ్తూ గోడ దగ్గర ఆగిపోయింది.

"మాస్టరూ, మా మేక దండెం మింద చీర నమలతాంది. కాస్త అదిలించండయ్యా."

"ఈడ అదిలిస్తే ఆడ వినపడదు పేరమ్మా. చూసేదాని వరకే. ఇంటికి ఫోన్ చెయ్యి."

"ఉండే ఒక్క ఫోనూ నా సంచిలోనే ఉండాదే" అని ఆమె బస్సు కోసం పరిగెత్తింది. మేక మాత్రం తొందరేమీ లేకుండా కొంగు దాకా తినేసింది.

మాస్టరు పనిలో ఒక చిన్న దొంగతనం ఉంది. ఒంటిగంటకు ముందు చివరి ఫోటో ఎప్పుడూ ఇంటి ముందు దిగినదే ఉండేట్టు చూసుకునేవాడు. పడవల ఫోటోలు ముందు కోసేసి, ఇంటి ఫోటో తెచ్చినవాళ్ళను ఏదో వంక పెట్టి కూర్చోబెట్టేవాడు. అందరూ వెళ్ళాక షట్టరు సగం దించి, కుర్చీ గోడ వైపు తిప్పుకుని, రెబెక్కమ్మ ఇచ్చిన క్యారియరు విప్పేవాడు. గోడ మీద ఎవరో పిల్లకు అన్నం కలిపి పెడుతుంటారు. ఎవరో చేపలు కడుగుతుంటారు. వాళ్ళ వసారాలో ఒక మూల కూర్చున్నట్టు ఆయన తినేవాడు. వాళ్ళెవరూ ఆయన వంక చూసేవాళ్ళు కాదు. భార్య ప్రేమలీల పోయి పదకొండేళ్ళు, పిల్లల్లేరు. ఒంటరిగా పడుకోవడం అలవాటైంది గానీ ఒంటరిగా తినడం మాత్రం ఆయనకు ఇన్నేళ్ళైనా చేతకాలేదు.

ఆయన భయం వేరే ఉంది. పోయినేడు వెనక వీధిలో పరంజ్యోతి అని రిటైరైన పోస్టుమాను తన ఇంట్లోనే పోయాడు. తలుపు పగలగొట్టేదాకా ఎవరికీ తెలియలేదు. మరణ ధ్రువీకరణ పత్రం కోసం దరఖాస్తు మాస్టరే కొట్టాడు. పేరు కొట్టాడు, వయసు కొట్టాడు. మరణించిన తేదీ అన్న గడి దగ్గర చెయ్యి ఆగింది. శుక్రవారమా, శనివారమా, ఆదివారమా? దరఖాస్తుకు వచ్చిన పరంజ్యోతి అన్న కొడుకు తల గీరుకున్నాడు. చివరికి ఏదో ఒకటి వేశారు. ఆ రోజునుంచి ఆ ఖాళీ గడి మాస్టరును వదల్లేదు. నా గడిలో తేదీ ఎవరు చెబుతారు అనుకునేవాడు.

చెప్పగలిగిన మనిషి ఒక్కతే, రెబెక్కమ్మ. ఒంటిగంటా పావుకు ఆయన క్యారియరు కోసం రాకపోతే బండి దగ్గర్నుంచే, "మాస్టరూ, ఉండారా?" అని కేకేసేది. "ఉండా" అనేవాడు. వాళ్ళిద్దరి మధ్య ఉన్న మాటలు దాదాపు అంతే. ఆ ఒక్క కేక మీదనే ఆయన రోజు నిలబడి ఉండేది.

ఫిబ్రవరిలో రోడ్డు వెడల్పు చేస్తూ రెబెక్కమ్మ బండీ, దాని మీది రేకూ తీసేశారు. ఆమె నెలరోజులు ఇంటి దగ్గరే వండి చూసింది. సందు లోపలికి ఎవరూ రాలేదు. మొగుడు పోయి ఎనిమిదేళ్ళు, కూతురు సూళ్ళూరుపేటలో తన సంసారం తాను చేసుకుంటోంది. ఒకరోజు పదకొండింటికి ఆమె కొత్త చీర కట్టుకుని నెట్ సెంటరుకు వచ్చింది.

"కువైట్‌కు పోతన్నా మాస్టరూ. వంట పని. ఫోటో ఈ పొద్దే పంపాలంట, వెనక తెల్లగా ఉండాలంట."

మాస్టరు మౌస్ పక్కకు జరిపాడు. "ఫోనులో ఫోటో ఉందా?"

"నా ఫోనులో ఉండేవన్నీ దోసెల ఫోటోలే."

గోడకు ఆనించి తీద్దామంటే అక్కడ ఎవరో దొడ్లో గేదెను కడుగుతున్నారు. అందుకని ఆమెను టేబులుకు ఇవతల బల్ల మీద కూర్చోబెట్టి, తాను గుమ్మం దాకా వెనక్కి జరిగి ఫోటో తీశాడు. ఆమె భుజం వెనక ఆయన కుర్చీ, టేబులు, ప్రింటరు పడ్డాయి. ఫోటోను సైటులో పెట్టాడు. నొక్కలేకపోయాడు. పోవద్దని చెప్పాలని ఉంది. ఏ హక్కుతో చెప్పాలో తెలియలేదు.

"ఆడ ఎండలెక్కువంట" అన్నాడు.

"ఈడ తక్కువా?"

నొక్కాడు. తెల్లటి మధ్యలో రెబెక్కమ్మ ఒక్కతే మిగిలింది.

"కోసేసింది ఏం చేస్తారు?" అని అడిగింది ఆమె.

ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. అందరూ మనిషిని తీసుకుని వెళ్ళేవాళ్ళే. "గోడ మీదికి పోతాది."

"అది నాకు పంపండి. నాదే గదా."

"అందులో నువ్వుండవు రెబెక్కమ్మా. ఉత్త కుర్చీ, ప్రింటరు."

"ఉంటే ఉండనీ. పంపండి."

పంపాడు. వాట్సాప్‌లో మాట్లాడితే అదే తెలుగులో రాసే ఉపాయం కూడా ఆమె ఫోనులో పెట్టి నేర్పించాడు. ఆమె వెళ్ళాక వెనక్కి తిరిగి చూస్తే గేదె పోయింది గానీ, దాని చోట ఏమీ రాలేదు. గోడ ఉత్త తెల్లగా ఉంది. అందరూ తమ ఇళ్ళను ఆయన దగ్గర వదిలి వెళ్ళినవాళ్ళే. ఈమె మాత్రం ఒక ఉత్త కుర్చీని కూడా మిగల్చకుండా తీసుకుపోయింది. ఆ తెల్లగోడ ముందు మాస్టరుకు ఏడుపొచ్చింది.

ఆమె కువైట్ వెళ్ళిన తరువాత రోజూ రెండున్నరకు మెసేజీ వచ్చేది. "తిన్నారా మాస్టరూ." ఆయన "తిన్నాను" అని కొట్టేవాడు. హోటలు కూడు రెండురోజులు సయించింది, మూడోరోజు సయించలేదు. బిస్కెట్లతో కొన్ని పూటలు, ఏమీ లేకుండా కొన్ని పూటలు గడిచిపోయేవి. గోడ మీద ఇళ్ళు వస్తూనే ఉన్నాయి గానీ, కంచం లేకుండా వాళ్ళ వసారాలో కూర్చోవాలంటే ఆయనకు మొహం చెల్లలేదు. తిన్నాను అన్నది అబద్ధమని అనుకోలేదు. అంత దూరంలో ఉన్న మనిషికి దిగులు పెట్టకపోవడం మర్యాద అనుకున్నాడు.

మే నెలాఖరున వేట సాయం దరఖాస్తులకు చివరి రోజు. పొద్దున షట్టరు ఎత్తేటప్పటికే పాతికమంది ఉన్నారు. మాత్ర వేసుకున్నాడు, ఇడ్లీ లేదు. చక్కెర లేని టీ రెండుసార్లు తాగాడు. సర్వరు నడవడం, ఆగడం, ఫోటో యాభై ఒక్క కేబీ అయిందని తిప్పికొట్టడం, మళ్ళీ కుదించడం. ఒకటిన్నరకు ఆఖరి మనిషి వెళ్ళాడు. మాస్టరు షట్టరు సగం దించి కుర్చీలో కూలబడ్డాడు. బయట ఎండకు వీధి ఖాళీగా ఉంది.

చేతులు వణకడం మొదలైంది. చొక్కా తడిసిపోయింది. తెర మీద అక్షరాలు రెండేసి కనిపించాయి. బిస్కెట్ల డబ్బా ప్రింటరు పక్కనే ఉందని తెలుసు. దాని కోసం చెయ్యి చాచాడు. కుర్చీ ఒకపక్కకు పోయింది, ఆయన ఇంకోపక్కకు పడ్డాడు. నేల చల్లగా తగిలింది. సాయంత్రం దాకా ఇటు ఎవరూ రారని ఆయనకు బాగా తెలుసు. ఈ రోజు ఎన్నో తారీకు అని గుర్తు చేసుకోబోయాడు, గుర్తు రాలేదు. అప్పుడు నిజంగా భయమేసింది. తరువాత ఆ భయం కూడా పోయింది.

నోట్లో తియ్యగా తగిలి కళ్ళు తెరిచాడు. మూల మీద మెడికల్ షాపు హరినాథ్ లుంగీతోనే వచ్చి, మాస్టరు తల ఒళ్ళో పెట్టుకుని గ్లూకోజు నీళ్ళు పోస్తున్నాడు. షట్టరు పైదాకా ఎత్తి ఉంది.

"మింగన్నా, ఇంకొంచెం మింగు. పది నిమిషాలు ఆలిశ్యమైతే ఏమయ్యేదో."

"నువ్వెట్లా..." అన్నాడు మాస్టరు.

"నేను అన్నం తిని పడుకోనుండా. రెబెక్కమ్మ ఫోన్ చేసింది. మాస్టరు కుర్చీ పక్కన పడిపోయినాడు, చెయ్యి వైర్ల కింద ఇరుక్కోనుంది, పరిగెత్తు అనింది."

"కువైట్ నించా?"

"ఆడినించే. మా ఇల్లు నీ గోడ మింద ఎన్నిసార్లు చూడలా నువ్వు? నీది ఆమెకు కనపడతాది, అందులో ఏముంది" అని హరినాథ్ తన ఫోను మాస్టరు చెవి దగ్గర పెట్టాడు. ఆమె ఇంకా లైనులోనే ఉంది.

"తిన్నారా మాస్టరూ?" అంది రెబెక్కమ్మ.

అలవాటు చొప్పున తిన్నానని చెప్పబోయి ఆగిపోయాడు.

"చెప్పొద్దు. మీరు పంపిన ఆ ఉత్త కుర్చీ ఫోటోలో యాభై దినాలుగా చూస్తన్నా. దాంట్లో సగం దినాలు తిన్లేదు. బిస్కెట్ల డబ్బా మూత తీసేది, మళ్ళా మూసేది, తిన్నానని కొట్టేది. నేను ఈడ పొయ్యి ముందర నిలబడి అంతా చూస్తానే ఉండా."

మాస్టరుకు సిగ్గేసింది. "ముందే చెప్పుండకూడదా?"

"చెప్తే తల దువ్వుకోని, సర్దుకోని కూర్చుంటారు. ఈ ఇంట్లో పదకొండుమంది ఉండారు. ఒక్కరూ నన్ను పేరు పెట్టి పిలవరు. మీరు ముక్కు గోక్కుంటా టైపు కొడతా ఉంటే, మా ఊళ్ళో ఉన్నట్టే ఉంటాది నాకు. అట్లా చూసుకుంటానే కూర వండుతా ఉండా." ఆమె పొయ్యి ఆపిన చప్పుడు వినిపించింది. "ఈ పొద్దు కుర్చీ ఖాళీగా కనపడింది. కింద చూస్తే నువ్వుండావు. ఎంత అరిచినానో నీకు తెలీదు. వినపడదని తెలిసి కూడా అరిచినా."

మాస్టరు కళ్ళు తుడుచుకోబోయి, అది కూడా ఆమెకు కనిపిస్తుందని తట్టి, ఇక దాచి ఏం లాభమని తుడుచుకున్నాడు.

హరినాథ్ ఇంటికి పోయి పళ్ళెంలో అన్నం, పప్పు, వేయించిన చేప ముక్క పెట్టించుకొచ్చి, తన ఫోను బల్ల మీదే వదిలి మంచినీళ్ళ కోసం వెళ్ళాడు. మాస్టరు కుర్చీ లేపి నిలబెట్టాడు. గోడ మీద ఎవరిదో ఇల్లు ఉంది. ఆయన అటు తిరగలేదు. ఎటు చూడాలో కాసేపు అర్థం కాక, తాను నిలబడి ఫోటో తీసిన గుమ్మం వైపు తిరిగి కూర్చున్నాడు.

"కొంచెం ఇవతలికి జరగండి, ప్రింటరు అడ్డం వస్తాంది" అంది ఫోనులో రెబెక్కమ్మ.

జరిగాడు. నాలుగు ముద్దలు తిన్నాడు. ఆమె వైపు గిన్నెల చప్పుడు వినిపిస్తోంది.

"పప్పులో ఉప్పు తక్కువైంది" అన్నాడు.

"మూలన సీసాలో ఉంది గదా, వేసుకోండి."

ఇన్నేళ్ళలో అన్నం ముందు నుంచి లేవడానికి ఆయన ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు. "ఉండు, ఇప్పుడే వస్తా" అని చెప్పి, ఉప్పు కోసం లేచాడు.