నేను రాసిన అత్త

ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పాను. ఒక్క ప్రశ్న మాత్రం ఏ పరీక్షలోనూ ఇవ్వలేదు. తోటి టీచర్లు ఎవరైనా ఇస్తే, ఆ పేపర్లు దిద్దకుండా పక్కవాళ్ళ బల్ల మీదికి తోసేశాను. కథలోని పిల్ల బాగుపడటానికి స్నేహితులు కారణమా, బంధువులు కారణమా, పోల్చి రాయండి అన్నదే ఆ ప్రశ్న. చిన్నప్పుడు దానికి నేనూ జవాబు రాశాను. నూటికి తొంభై మార్కులు వచ్చాయి. నా బతుకులో అంత తప్పు జవాబు ఇంకోటి రాయలేదు.

అప్పట్లో మేం కర్నూలు జిల్లావాళ్ళం, పైన మద్రాసు సర్కారు. 1937వ సంవత్సరం. నాకు పద్నాలుగేళ్ళు. మార్కాపురంలో మిషన్ హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి చదువుతున్నాను. శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆడపిల్లలందరం వసారాలో పలకరాళ్ళ మీద కూర్చుని కొర్రల్లో మట్టిబెడ్డలు ఏరేవాళ్ళం. కృపావరం టీచరమ్మ ఒళ్ళో ఒక లావాటి ఇంగ్లీషు నవల పెట్టుకుని మాకు కథ చెప్పేది. ఒక పేజీ లోపల చదువుకుని, రెండు పేజీలంత తెలుగులో చెప్పేది. ఆ కొర్రల దుమ్ము, ఆమె గొంతు, మధ్యలో ఎవరో ముక్కు చీదటం, అన్నీ ఇప్పటికీ నాకు వినబడుతూనే ఉంటాయి. ఆ శనివారాలు మళ్ళీ రమ్మంటే రావు గదా.

కథ ఎక్కడో ఓడరేవు ఊళ్ళో జరుగుతుంది. తల్లీతండ్రీ లేని ఆడపిల్ల మేనత్త ఇంట్లో పెరుగుతుంది. అత్త గయ్యాళి. వెనక వీధిలో తెరచాపలు కుట్టేవాడి కూతురు ఆ పిల్లకు ప్రాణస్నేహితురాలు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ మా టీచరమ్మకు వర్ణనలంటే విసుగు. "ఈ అత్త మొహం గురించే రెండు పేజీలు రాసినాడు, మనకెందుకులే" అని తిప్పేసేది. అదే నా కొంప ముంచింది. మిగతా పిల్లలు ఆ అత్తకు ఏ మొహం పెట్టుకున్నారో నాకు తెలియదు. నేను మాత్రం మా సువార్తత్త మొహం తెచ్చి పెట్టాను.

సువార్తమ్మ మా నాయన చెల్లెలు. నాకు రెండేళ్ళప్పుడు మా అమ్మా నాయనా ఒకే వారంలో కలరాతో పోయారు. అప్పటికే మొగుడు చనిపోయి, పిల్లల్లేని మా అత్త నన్ను ఎత్తుకుంది. కొనకనమిట్ల దగ్గర మా పల్లె. అత్తకున్న ఆస్తి నాలుగు మేకలు, రెండు చేతులు. కూలికి పోయేది. నన్ను ముద్దు చేసిన గుర్తు నాకు లేదు. చూరులో ఈత బరికె ఉండేది, అది నా వీపుకు బాగా తెలుసు. సంగటి ముద్ద పెట్టి, నేను తినేదాకా పోలీసులాగా ఎదురుగా నిలబడేది. బాగా చదివానని ఎవరైనా చెబితే "చదివి ఎవుర్ని ఉద్ధరిస్తాదో" అనేది. ఆమె చిన్నతనంలో ఎప్పుడో కమ్మ లాక్కుపోయి ఎడమ చెవి తమ్మె రెండుగా చీలిపోయింది. పైట కొంగు ఎప్పుడూ ఆ చెవి మీదికి లాక్కునేది.

ఇక స్నేహితురాలంటే రాములమ్మ, గొల్లల పిల్ల. నాకంటే ఏడాది పెద్దది. వాళ్ళ గొర్రెలతోపాటు మా మేకల్ని కూడా తోలుకుపోయేది. "నువ్వు బడికి పోమే, ఇవి నాతోనే వస్తాయిలే" అనేది. అట్లా ఐదేళ్ళు తోలింది. ఆ పిల్లే లేకపోతే నేను మేకల వెనకే ఉండిపోయేదాన్ని అని గట్టిగా నమ్మాను. కథ అయిపోయాక టీచరమ్మ పరీక్షలో ఆ ప్రశ్న ఇస్తే, ఆ నమ్మకం పెట్టుకునే వ్యాసం రాశాను.

ఏమని రాశానంటే, స్నేహితురాలు ఆ పిల్ల పని తన నెత్తిన వేసుకుని ఆమెకు చదువు ఇచ్చిందనీ, అత్త బరికె తప్ప ఏమీ ఇవ్వలేదనీ. తెరచాపల పిల్ల కాస్తా నా వ్యాసంలో రాములమ్మ అయిపోయింది. ఓడరేవు ఊళ్ళోని ఆ దొరసాని అత్త తన ఇంటి చూరులో ఈత బరికె దోపింది. ఆమె ఎడమ చెవి చీలి ఉంది. టీచరమ్మకు వ్యాసం ఎంతో నచ్చి, "నీకు ఊహాశక్తి ఉంది యేసుమణీ, కోత పండుగ రోజు అందరిముందూ ఇది చదువు" అంది. నేను పొంగిపోయాను.

కోత పండుగకు చుట్టుపక్కల పల్లెల సంఘాలన్నీ మార్కాపురం వస్తాయి. సజ్జకంకులు, గుమ్మడికాయలు, కోళ్ళు తెచ్చి దేవుడి ముందు పెడతారు. ఆ రోజు నాకు ఇంకో పని కూడా ఉంది. కర్నూలులో టీచరు ట్రైనింగుకు నా పేరు పంపుతున్నారు. పెంచినవాళ్ళు కాగితం మీద వేలిముద్ర వేస్తేనే పంపుతారు, సోమవారం టపాలో పోవాలి. అత్త ఇంకా సరే అనలేదు. "వచ్చినాక చూస్తాలే" అని కబురు పెట్టింది. ఆమె ముద్ర వెయ్యకపోతే ఎండాకాలం నుంచి నేను కూలిపనే.

అత్త ముందురోజే బయల్దేరి, నడిచి వచ్చింది. మా పల్లెవాళ్ళ మధ్య ముందువరసలో గుమ్మడికాయ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను ఎంతో సంతోషంగా చదవటం మొదలుపెట్టాను. రాసేటప్పుడు నాకు కనబడనిది, చదువుతుంటే నా చెవులకే వినబడింది. చూరులో బరికె అనేసరికి మా పల్లెవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. చీలిన చెవి అనేసరికి అందరూ మా అత్త వైపు తిరిగారు. ఆమె మెల్లగా కొంగు చెవి మీదికి లాక్కుంది. ఆపేద్దామనుకున్నాను, నోరు ఆగలేదు. బాగా చదివే పిల్లనని పేరు కదా, చివరి అక్షరం దాకా గణగణా చదివేశాను. చప్పట్లు మోగాయి. తలెత్తి చూస్తే గుమ్మడికాయ ఒక్కటే ఉంది, అత్త లేదు.

పరిగెత్తుకుంటూ గేటు దగ్గరికి పోయాను. అక్కడ రాములమ్మ కనబడింది. అప్పటికే దానికి పెళ్ళయింది. అత్తగారివాళ్ళతో సంతకు వచ్చి, నన్ను చూసిపోదామని ప్రహరీ పక్కన నిలబడి అంతా వినింది. నేను మా అత్తేదని అడగబోతుంటే అది నన్నే అడిగింది.

"మేకలు నేను ఊరికే తోలినాననుకున్నావా మే?"

"మరి?"

"మా అవ్వ ఊరికే తోలనిస్తాదా? మీ అత్త ఐదేళ్ళు మా గొర్రెల దొడ్డి ఊడ్చింది. కూలికి పోకముందే వచ్చి, ఒట్టి చేతుల్తో పెంటంతా ఎత్తిపోసేది."

 ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మీ అత్త చెప్పొద్దన్నది. తల్లీతండ్రీ లేని పిల్లకి ఒక సావాసగత్తె ఉందనుకోనీ, నవ్వతా బడికి పోతాంది అన్నది." రాములమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నేనయితే ఊరికే తోలేదాన్నే, యేసుమణీ. అది నిజం."

అది నిజమేనని నాకు తెలుసు. అందుకు ఇంకా ఏడుపొచ్చింది.

అత్త వెళ్ళిపోలేదు. హాస్టలు వెనక బావి దగ్గర చేతులు రుద్ది రుద్ది కడుక్కుంటోంది. నేను పోయి "అత్తా, అది నువ్వు కాదు, పుస్తకంలో ఇంకొకామె" అన్నాను.

"నా చెవి పుస్తకంలో ఇంకెవురికి ఉంటాదిలే." చేతులు కొంగుతో తుడుచుకుంది. "అబద్ధమేం రాయలేదు గదా. కొట్టినా. బరికె ఉంది. పద, ఆ కాగితమేదో చూపీ."

ఆఫీసు గదిలో కృపావరం టీచరమ్మ కాగితం నింపుతూ "మీరు పిల్లకు ఏమవుతారమ్మా?" అని అడిగింది.

"అత్తను. ఇందాక చదివినాది చూడండి, ఆ అత్తను. అట్లనే రాసుకోండి."

టీచరమ్మ కలం ఆగిపోయింది. ఆమె ఒకసారి నన్ను చూసింది, ఒకసారి మా అత్త చెవి చూసింది. సిరాదిండు ముందుకు జరిపింది. అత్త బొటనవేలు అద్ది కాగితం మీద నొక్కింది. నల్లటి మచ్చ పడింది గానీ, అందులో ఒక్క గీతా లేదు. టీచరమ్మ మళ్ళీ అద్దించింది. మూడోసారీ అంతే.

"ముద్రకు గీతలు రావడం లేదేమమ్మా?" అంది టీచరమ్మ. అత్త చెయ్యి వెనక్కి లాక్కోబోయింది.

"గొల్లోళ్ళ దొడ్డి ఎత్తి నన్ను చదివించింది టీచరమ్మా" అన్నాను నేను. "ఐదేళ్ళు. గీతలు ఆడనే అరిగినాయి."

అత్త గిర్రున నా వైపు తిరిగింది. "ఆ సంగతి నీకెవురు చెప్పినారే?" అంది.

ఊరందరి ముందూ బరికె గురించి చదివితే పల్లెత్తు మాట అనని మనిషి, ఈ ఒక్క మాటకు నా మీద కోపం చేసుకుని, పండుగ సెలవులకు ఇద్దరం ఇంటికి నడిచిపోతుంటే, మా పల్లె చేరేదాకా నాతో మాట్లాడలేదు.