అలాబా వాటా

ఇడోవుకు ఒళ్ళు మండిపోతోంది. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో అక్క కెహిండే తీరిగ్గా కూర్చుని, పొట్లంలోని అకారాలు, అవే అలసంద వడలు, ఒక్కొక్కటే నములుతూ, "ఈ కాగితం మీద సంతకం పెట్టాను, స్కాన్ చేసి పంపించవే, శుక్రవారంలోగా వెళ్ళాలట" అంటోంది. ఆ కాగితం ఏమిటో మొదటి రెండు వరుసలకే ఇడోవుకు అర్థమైపోయింది. అర్థం కాకపోవడానికి ఆవిడేమీ నిన్న పుట్టిన పిల్ల కాదు. నైజీరియాలోని అబెయోకూటాలో, ఇటోకు బజారు వెనక వీధిలో, పదిహేడేళ్ళుగా టైపు, జెరాక్సు, ఇంటర్నెట్ దుకాణం నడుపుతోంది. ఇలాంటి ఉత్తరాలు ఎన్ని చూసిందో! ఇలాంటివి రాసే ఘనులను కూడా చూసింది. ఇద్దరిని చీపురు తిరగేసి వీధిలోకి తరిమింది. "ముఖం చూడనివాడికి ముందు డబ్బు పంపకండి" అని పెద్దక్షరాలతో రాసి గోడకు అంటించింది కూడా. సరిగ్గా ఆ అట్ట కిందే కూర్చుంది అక్క.

గాబన్ దేశంలోని లిబ్రెవిల్ నుంచి బారిస్టర్ మార్సెల్ ఎకోమి అనే ఆయన రాశాడట. "మీ కవల సోదరుడు, మీ పెద్దన్న తైవో, ఇక్కడ కలప వ్యాపారంలో బాగా గడించి, నిరుడు గుండెజబ్బుతో దేవుడి దగ్గరికి వెళ్ళిపోయారు. బ్యాంకులో ఎనిమిది లక్షల డాలర్లు వదిలివెళ్ళారు. మీరే వారసురాలు. విడుదల పత్రం కోసం నాలుగున్నర లక్షల నైరా ముందుగా పంపితే చాలు. ఈ విషయం మూడో మనిషికి చెప్పకండి."

తైవో ఇల్లు వదిలి ఇరవై రెండేళ్ళయింది. అక్క దగ్గర బట్టల మూట తీసుకుని, గాబన్‌లో అమ్ముకొస్తానని పడవెక్కాడు. మళ్ళీ ఒక ఉత్తరం లేదు, ఒక ఫోను లేదు.

"అక్కా, ఇది ఫోర్-వన్-నైన్" అంది ఇడోవు. మా దగ్గర దొంగ ఉత్తరాలకు అదే పేరు. చట్టంలో సెక్షన్ నంబరు కాస్తా ఇంటి మాట అయిపోయింది.

"మొదలుపెట్టావూ! నీకు ఇడోవు అని ఊరికే పేరొచ్చిందా? కవలల వెనక పుట్టినదానికి మొండితనం కడుపులోంచే వస్తుంది."

యాభై ఎనిమిదేళ్ళుగా ఇదే పాట. కవలల తర్వాత పుట్టినవాళ్ళకు మా వాళ్ళు పేరు వెతకరు, ఇడోవు అంటారు, మొండిఘటం అని కూడా వాళ్ళే తీర్మానిస్తారు. తప్పు ఎవరిదైనా నింద ఇడోవుదే.

"డబ్బెక్కడిది నీకు?"

"నా అద్దకం బట్టల కొట్టు పక్కకొట్టు ఫోలాషాదేకి అమ్మేస్తున్నాను. రేపు సాయంత్రం తాళం ఇవ్వడం, డబ్బు తీసుకోవడం."

ఆ కొట్టు తప్ప అక్కకు ఇంకేం లేదు. నలభై ఏళ్ళుగా నీలిమందులో నానిన చేతులవి. గోళ్ళలో నీలం ఇక ఈ జన్మకు వదలదు. కొట్టు పోతే అరవై ఒక్క ఏళ్ళ మనిషి ఎవరి అరుగు మీద కూర్చుని బట్టలమ్ముతుంది?

"లాయరైతే ఆఫీసు పేరుతో మెయిలుండదా అక్కా? ఎవడు పడితే వాడు తెరుచుకునే ఉచిత ఖాతాలోంచి రాస్తాడా?"

"పొదుపరి అయ్యుంటాడు."

"ఎనిమిది లక్షల డాలర్లు వాడి చేతుల్లో ఉన్నాయిగా. ఆ రుసుమేదో అందులోంచే కోసుకోమను."

"బ్యాంకు ఒప్పుకోదట. రాశాడుగా, చదవలేదూ?"

"ఎవరికీ చెప్పొద్దని ఎందుకన్నాడు మరి?"

"నీలాంటివాళ్ళు అడ్డం పడతారని."

"ఇది కట్టగానే ఇంకో పన్నంటాడు. అదీ కడితే స్టాంపంటాడు. నువ్వు ఒంటిమీది గుడ్డ అమ్మేదాకా అడుగుతూనే ఉంటాడు. నా కళ్ళతో చూశానక్కా, ఇదే కుర్చీలో కూర్చుని ఏడ్చారు జనం!"

"వాళ్ళకు తైవో లేడుగా" అంది కెహిండే, ఇంకో అకారా నోట్లో వేసుకుంటూ. "నా పేరు, వాడి పేరు, లిబ్రెవిల్, ఇవన్నీ ఆ లాయరుకు ఎలా తెలిశాయంటావు?"

"నేనే చెప్పాను!" అని అరిచింది ఇడోవు. "తప్పిపోయాడని చర్చివాళ్ళ ఫేస్‌బుక్‌లో నిరుడు ప్రకటన వేయించలేదూ? ఈ వేళ్ళతోనే కొట్టాను. నీ మెయిలుతో సహా లోకమంతా చదివింది!"

అక్క వినలేదు. గోడకు చెప్పినా బాగుండేది, కనీసం ఎదురు చెప్పదు. అప్పుడు ఇడోవుకు ఉత్తరంలో ఒక మాట కంటబడింది. ఇక దొరికాడు వెధవ అనుకుంది.

"ఇదిగో, పెద్దన్న అన్నాడు. తైవో నీకు అన్నా?"

కెహిండే కళ్ళెర్రజేసింది. "ఎవరే అన్న? వాడు నాకు తమ్ముడు! 'ముందు నువ్వెళ్ళి లోకం ఎలా ఉందో రుచి చూసి చెప్పరా' అని కడుపులోంచి పంపింది నేను. వాడు ఏడ్చి కబురు పెడితే అప్పుడొచ్చాను." కవలల్లో ముందొచ్చినవాడే చిన్నవాడన్నది మా ఊళ్ళో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. పెద్దవాళ్ళు పనికి పంపుతారు, చిన్నవాళ్ళు వెళ్తారు, అంతే. కెహిండే గొంతు తగ్గిపోయింది. "గాబన్‌కు పంపిందీ నేనే. వద్దు వద్దన్నాడు. రెండుసార్లూ నేనే పంపానే వాణ్ణి."

"అదేనక్కా నేననేది! తైవోతో ఒక్క పూట మాట్లాడినవాడెవడూ వాణ్ణి నీకు అన్న అనడు. నీ పేరెత్తితే మా అక్క అనేవాడు వాడు."

కెహిండే అకారాను నోటి దాకా తీసుకెళ్ళి ఆపింది. ఇడోవుకు ప్రాణం లేచొచ్చింది. అంతలో అక్క తల ఊపి, "ఆ ఫ్రెంచి ఊళ్ళో మన లెక్కలు ఎవరికి తెలుసు? ఆస్పత్రి కాగితాల్లో ముందు పుట్టినవాడినే పెద్దని రాస్తారట" అనేసింది.

తల బాదుకోవాలనిపించింది ఇడోవుకు. అంత గట్టి సాక్ష్యం చేతికి దొరికితే ఈవిడ దాన్ని అకారాతో పాటు నమిలి మింగేసింది.

"సరే" అంది పళ్ళు బిగించి. "స్కాన్ తర్వాత. ముందు వాణ్ణి ఒక్క ప్రశ్న అడుగుతాను. రేపు జవాబు చూశాకే తాళం ఇద్దువుగాని."

అక్క పేరు మీద మెయిలు రాసింది. కెహిండే, ఇడోవు ఇద్దరం క్షేమం, తైవో ఆస్తిలో మా చిన్న తమ్ముడు అలాబాకు కూడా వాటా ఉందా, వీలునామా చూసి చెప్పగలరు అని. కవలల తర్వాత ఇడోవు, ఇడోవు తర్వాత పుట్టినవాళ్ళు అలాబా. ఇడోవు ఎరిగినంతలో వాళ్ళింట్లో కాన్పులు తనతోనే ఆగిపోయాయి. లేని తమ్ముడికి వాటా రాసిచ్చాడంటే లాయరు బండారం బయటపడినట్టే. ఏం రాసిందో అక్కకు చెప్పలేదు. చెబితే ముందే సాకు వెతికి పెట్టుకుంటుంది.

మర్నాడు మధ్యాహ్నం కెహిండే దుకాణానికి వచ్చేసరికి జవాబు వచ్చి ఉంది. ఇడోవు చూసుకుని లోలోపల చంకలు గుద్దుకుంది. మొదటి రెండు మూడు వాక్యాలు చదవగానే ఆగలేక, ఇంగ్లీషును ఇంటి మాటలోకి మార్చి గట్టిగా వినిపించింది.

"'ఒక తల్లి బిడ్డలైన తైవో, కెహిండే, ఇడోవు, అలాబాల విషయమై. దివంగత తైవోగారు తన ప్రియమైన చిన్న తమ్ముడు అలాబాను ఎన్నోసార్లు కన్నీళ్ళతో తలుచుకునేవారు. వీలునామాలో ఆయన వాటా ఉంది.' విన్నావా! అలాబా అట! లేని అలాబాను కన్నీళ్ళతో తలుచుకున్నాడట!"

నవ్వుతూ తల తిప్పి చూసింది. అక్క నవ్వడం లేదు. కుర్చీలోంచి లేచి నిలబడి, రెండు చేతులూ తలమీద పెట్టుకుంది.

"అలాబా సంగతి వాడికి ఎవరు చెప్పారే?"

"ఎవరు చెప్పేదేమిటి, నేనే కల్పించాను!"

"కల్పించావా? అలాబా ఉన్నాడే" అంది కెహిండే. "నీకు మూడేళ్ళప్పుడు పుట్టాడు. తొమ్మిది రోజులున్నాడు. అమ్మ వాడి పేరు ఇంట్లో ఎత్తనివ్వలేదు. తైవోకూ నాకూ తప్ప ఇప్పుడు ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. తైవో చెప్పకపోతే ఆ లాయరుకు ఎలా తెలుస్తుంది? అయ్యో నా తమ్ముడా, నిజంగానే పోయావురా!"

ఇడోవు ఎదురింటి దాకా వినబడేలా అరిచింది. "నేను చెప్పాను అక్కా! నా మెయిలులో ఆ పేరు నేను రాశాను! వాడు దాన్నే తిప్పి మన మొహాన కొట్టాడు!"

"నీకు తెలియదుగా. తెలియని పేరు నీ చేత రాయించింది ఎవరు మరి? తైవోనే." కెహిండే చెంగుతో కళ్ళు తుడుచుకుని సంచీ భుజాన వేసుకుంది. అందులో కొట్టు తాళాలు గలగలమన్నాయి. "ఫోలాషాదే కాసుకుని ఉంటుంది. నేను వెళ్ళాలి."

తను తవ్విన గోతిలో తన అక్కనే తోసినట్టయింది. దేవుడా, ఇంకేం చెప్పాలి ఈ మనిషికి? గడప దాకా వెళ్ళి, అడ్డంగా నిలబడింది ఇడోవు. "ఉత్తరం ఇంకా అవ్వలేదు. మిగతాది విను, తర్వాత నీ ఇష్టమొచ్చినట్టు చావు."

"చదువు, తొందరగా."

ఇడోవు వెనక్కి వచ్చి తెర మీదికి వంగి, విసురుగా చదివింది. "'అలాబాగారు ఈ ఉదయమే నాతో ఫోనులో మాట్లాడారు. తన వంతు రుసుము అప్పుడే కట్టేశారు. రేపటిలోగా మీరు కట్టకపోతే ఆస్తి మొత్తం అలాబాగారి పేరుకే మారిపోతుంది.'"

కెహిండే సంచీ భుజం మీంచి దింపింది.

"మళ్ళీ చదువు" అంది కెహిండే.

చదివింది.

కెహిండే నెమ్మదిగా వచ్చి కుర్చీలో కూలబడింది. "గట్టిగా ఏడవడానికే ఊపిరి చాలేది కాదు వాడికి" అంది. "పిల్లిపిల్లలా మూలిగేవాడు. అమ్మకు కునుకు పడితే వాణ్ణి నా ఒళ్ళోనే పెట్టుకునేదాన్ని. ఆరేళ్ళు నాకు. ఫోనులో మాట్లాడాడట. నా తమ్ముడు, ఫోనులో!" నీలం గోళ్ళతో బల్ల మీద ఒక్క చరుపు చరిచింది. "దొంగ నా కొడుకు!"

అప్పటికప్పుడు ఫోను తీసి ఫోలాషాదేకి చేసింది. కొట్టు ఇవ్వడం లేదమ్మా, మనసు మారింది, తిట్టుకుంటే తిట్టుకో అని పెట్టేసింది. ఇడోవు పక్కనున్న కాగితాల కట్ట మీదే కూర్చుంది.

"మరి తైవో?" అంది అక్క.

"తెలియదక్కా."

"నాలుగు రోజులుగా పోయాడని ఏడ్చాను. నల్లబట్ట కూడా తీసి పెట్టుకున్నాను. కనీసం పోయాడని తెలిసిందిలే అనుకున్నాను. ఇప్పుడు మళ్ళీ మొదటికొచ్చింది."

గెలిచింది, కొట్టు నిలబెట్టింది, అయినా ఇడోవుకు కోపమే వచ్చింది. "నాకో తమ్ముడున్నాడని యాభై అయిదేళ్ళలో ఒక్కరోజు చెప్పాలనిపించలేదా నీకు?"

"అమ్మ వద్దంది."

"అమ్మ పోయి పంతొమ్మిదేళ్ళయింది!"

"నువ్వెప్పుడైనా అడిగావా?"

"ఉన్నాడని తెలిస్తే కదా అడగడానికి! ఇంటికంతా చిన్నదాన్నని అందరి చెప్పులూ మోశాను. నేను అక్కనని నాకు ఒక దొంగ వెధవ చెప్పాల్సొచ్చింది!" ముక్కు చీదుకుని, ఉత్తరం చెరిపేయడానికి మౌసు మీద చెయ్యి వేసింది.

కెహిండే చటుక్కున ఆ చెయ్యి పట్టుకుంది. "ఆగవే. ముందు దాన్ని అచ్చు తియ్యి."

"ఈ చెత్తనా? ఎందుకు, దండ వేసి పూజించడానికా?"

"మన నలుగురి పేర్లూ ఒక కాగితం మీద ఎక్కడైనా చూశావా నువ్వు?" అంది కెహిండే. "అమ్మ బైబిల్లో లేవు, ఆస్పత్రిలో లేవు, సమాధి మీద లేవు. వాడు దొంగే. కానీ రాసింది వాడొక్కడే."

ఇడోవు ఆ దొంగను, వాడి వంశాన్ని, వాడికి చదువు చెప్పిన పంతుళ్ళను పేరుపేరునా తిట్టింది. తిడుతూనే ప్రింటర్లో కాగితం పెట్టింది. ఒక్కటి చాలంది అక్క. ఇడోవు రెండు తీసింది.