దిగిరాని బంతి

తెనాలిలో దర్జీ సైఫుల్లా రోజూ నాలుగింటికి మిషను మీద గుడ్డ కప్పి బాపట్ల పాసింజరు ఎక్కుతాడు. అక్కడ కాలేజీ గ్రౌండులో పడమటి గోలు ముందు చీకటిపడేదాకా నిలబడి తిరిగొస్తాడు. పెళ్ళయిన నాటినుంచీ ఇదే వరస. రంజాన్ నెలలో కూడా అక్కడే ఖర్జూరం నోట్లో వేసుకుని ఉపవాసం విడుస్తాడు. సాయంత్రాలు అతనికి పళ్ళెం పెట్టడం భార్య ఖైరున్నీసా ఎప్పుడో మానేసింది.

ఎందుకంటే అక్కడ పైన బంతి ఉంది. సైఫుల్లా ఆ కాలేజీ జట్టుకి గోల్‌కీపరుగా ఉన్న రోజుల్లో రేపల్లె మీద ఫైనల్ ఆడుతున్నారు. రంజాన్ సాయంత్రం. రేపల్లె హనుమయ్య ఎత్తుగా తన్నిన బంతి గోలు కేసి వస్తుండగా మసీదునుంచి అజాన్ వినబడింది. కోచ్ లాజరు మాస్టారు లూథరన్ చర్చి పెద్ద. అయినా జట్టులో కుర్రాళ్ళు ఉపవాసముంటే తనూ మంచినీళ్ళు ముట్టేవారు కాదు, జేబునిండా వాళ్ళకోసం ఖర్జూరాలు పెట్టుకునేవారు. అజాన్ చెవినపడగానే, రిఫరీ ఒకడున్నాడని మరిచిపోయి, తన విజిలు ఊదేశారు. ఆయన విజిలు వేశాక కదలడం ఆ గ్రౌండులో ఎవరికీ అలవాటు లేదు. ఆటగాళ్ళు ఆగారు, గాల్లో బంతీ ఆగింది. సైఫుల్లా గోలు వదిలి ఖర్జూరానికి పరుగెత్తాడు. తిరిగొచ్చేసరికి చీకటిపడింది.

మాస్టారు మళ్ళీ విజిలు వేయలేదు. ఆ తర్వాత రోజూ వచ్చి బెంచీ మీద కూర్చునేవారు. వేయండి సార్ అని సైఫుల్లా బతిమాలితే, నువ్వు నా మొహం చూస్తున్నావు గానీ బంతిని చూడటంలేదురా అనేవారు. అలాగే పోయారు. బంతి తాటిచెట్టంత ఎత్తున ఉండిపోయింది. కాకులు వాలేవి, దాని నీడలో గడ్డి కోసేవాళ్ళు క్యారియర్లు పెట్టుకునేవారు. అది నువ్వు పట్టేవాడివేనా అని మూడూళ్ళలోనూ అతన్ని అడగనివాడు పాపాత్ముడు. చొక్కా కొలతలకొచ్చినవాడు కూడా చేతులు చాపి అదే అడుగుతాడు.

రెండువేల ఆరులో మాస్టారి జీవితం సినిమా తీస్తానంటూ మధుబాబు అనే డైరెక్టరు ఆ గ్రౌండులో దిగాడు. జట్టు చొక్కాలు సైఫుల్లానే కుట్టమన్నాడు. కీపరు చొక్కా ముందువైపు మాత్రం బురద మరక కావాలన్నాడు. ఎందుకంటే, కీపరు బోర్లాపడతాడు, గోలవుతుంది, మాస్టారు చెంప పగలగొట్టి ఉపన్యాసమిస్తారు, ఓడకపోతే హీరో లేచేదెలా అన్నాడు. మాస్టారు ఒకరిని కొట్టి ఎరగరు, నాలుగు మాటలు కలిపి మాట్లాడి ఎరగరు. అసలు గోలే కాలేదు, బంతి ఇంకా పైనే ఉంది కదండీ అని సైఫుల్లా మొత్తుకుంటే, మధుబాబు తలెత్తి చూశాడు.

"అవునండి, దాని నీడ ఫ్రేములో పడుతోంది. కాస్త పక్కకి జరిపించే వీలుందా?"

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినట్టుంది సైఫుల్లాకి.

ఇది చాలదన్నట్టు, మాస్టారి భార్య రిబ్కమ్మ అసలు విజిలు తీసి సినిమావాళ్ళ చేతిలో పెట్టింది. సైఫుల్లా విసవిసా ఆవిడ దగ్గరికెళ్ళాడు.

"ఆయనే వేయని విజిలు ఎవడో వేషగాడికి ఎలా ఇచ్చారమ్మగారూ?"

"ఖర్జూరానికి నిన్ను పిలిచింది ఆయనే కదా నాయనా. నువ్వు పట్టలేకపోతే ఆ పాపం తనదని ఆయనకి భయం," అంది రిబ్కమ్మ. "నాకా భయం లేదు."

గోలు వదిలినందుకు మాస్టారికి కోపమనుకుంటూ ఇన్నేళ్ళూ నిలబడ్డాడు. తీరాచూస్తే భయమట. సైఫుల్లాకి ఏడుపొచ్చింది, అంతకంటే చిరాకొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం షూటింగు. గొడవపడదామని మెడలో టేపుతోనే వెళ్ళాడు. బురద చొక్కా కుర్రాడు గోలు ముందు బోర్లాపడటం సాధన చేస్తున్నాడు. పడటం తర్వాత, ముందు నిలబడటం నేర్చుకో అని వాణ్ణి పక్కకి లాగి, తనే నిలబడి చూపించాడు. సరిగ్గా అప్పుడే మాస్టారి వేషం కట్టినాయన, మోగుతుందో లేదో చూద్దామని విజిలు వేశాడు.

బంతి కదిలింది. హనుమయ్య తన్నిన జోరు ఏమాత్రం తగ్గలేదు. చూద్దామంటే బెంచీ మీద మాస్టారి మొహం లేదు. సైఫుల్లా బంతినే చూశాడు. కుడికి ఒరిగి, రెండుచేతులా పట్టి పొట్టకి అదుముకున్నాడు. మోకాళ్ళు కలుక్కుమన్నాయి గానీ పడలేదు.

జనం చప్పట్లు కొట్టి క్యారియర్లు సర్దుకున్నారు. కెమెరా తిరగలేదు, ఇంకోసారి చేద్దామండి అన్నాడు మధుబాబు. సైఫుల్లా బంతి చంకలో పెట్టుకుని స్టేషనుకి నడిచాడు.

తెనాలిలో ఇంకా ఎండ ఉంది. గుమ్మంలో మొగుణ్ణి చూసి, ఒంట్లో బాగాలేదా అని కంగారుపడింది ఖైరున్నీసా. అతను బంతి చేతికిచ్చాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, బరువు చూసింది.

"దీనికా ఇన్నేళ్ళు?"

లోపలికెళ్ళి, అటక మీంచి ఓ పళ్ళెం దించింది. దుమ్ము కడిగి, సాయంత్రం అజాన్‌కి ముందే తన పళ్ళెం పక్కన పెట్టింది.